ఆరు సిలిండర్లూ బాగానే ఉన్నాయి

విక్టోరియా ఎదుటివాళ్ళ మాట పూర్తి కానివ్వదు. ఏలూరులో లారీలు తోలేవాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. "మేడంగారండి, నిన్న భీమడోలు దాటాక ఏమైందంటేనండి..." అని ఎవరైనా మొదలుపెడితే చాలు, "అది తర్వాత, ముందు స్టార్ట్ చెయ్యండి" అనేస్తుంది. డ్రైవర్లు చెప్పేదాంట్లో ముప్పావు వంతు వాళ్ళ అత్తారింటి గొడవలే ఉంటాయనీ, ఇంజను మాత్రం అబద్ధం చెప్పదనీ ఆమె నమ్మకం. ఆ నమ్మకం తండ్రి నుంచి వచ్చింది. డీజిల్ పంపులూ నాజిళ్ళూ బాగుచేసే షాపుతో పాటు, పొడుగాటి స్క్రూడ్రైవరు మొనని ఇంజనుకి ఆనించి పిడిని చెవికి పెట్టుకుని వినే విద్యని కూడా ఆయన కూతురికి ఇచ్చి పోయాడు. నిదానం ఆయన దగ్గరా లేదు, కాబట్టి అది మాత్రం ఇవ్వలేకపోయాడు.

అలాంటి మనిషి ఆ శనివారం పొద్దున్న ఆరున్నరకి మండవల్లిలో, చేపపిల్లల హేచరీ ముందు కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. షెడ్డులో ప్యాకింగ్ జరుగుతోంది. గుమ్మంలో దుర్గారాజు లారీ నిలబడి ఉంది. దాన్ని చూస్తే విక్టోరియాకి ఒళ్ళు మండిపోతోంది.

దుర్గారాజు కొల్లేటి ఒడ్డు మనిషి. నలభై ఐదేళ్ళుంటాయి. సొంతానికి ఉన్నది ఆ ఒక్క పాత లారీ. ఆరు సిలిండర్లు, పద్దెనిమిదేళ్ళ వయసు. హేచరీలో కట్టిన చేపపిల్లల సంచుల్ని చెరువులకి చేరవేయడం దాని పని. వానలు మొదలైన కొత్తలో ఆ బండి ఏలూరు వచ్చింది, ఇంజను మిస్సింగ్ కొడుతోందని. ఆరు సిలిండర్లూ వరసగా అంటుకోవలసిన చోట మధ్యలో ఒకటి ఎగ్గొడితే ఇంజను కుంటుతుంది, దాన్నే మిస్సింగ్ అంటారు. అప్పుడు జబ్బు పది నిమిషాల్లో దొరికింది. డీజిల్‌లో నీళ్ళు. లోడు చేసేటప్పుడు సంచుల మీంచీ గొట్టాల్లోంచీ కారే నీళ్ళు ట్యాంకు మూత సందుల్లోంచి లోపలికి దిగుతున్నాయి. విక్టోరియా ట్యాంకు కడిగించి, ఫిల్టర్లు మార్చి, నాలుగు జాగ్రత్తలు చెప్పి పంపించింది.

అంతటితో అయిపోవాలి. కానీ పది రోజులకి బండి మళ్ళీ వచ్చింది. దారిలో మిస్సింగ్ కొట్టి కొట్టి ఆగిపోయిందట. షాపులో స్టార్ట్ చేస్తే ఏ రోగమూ లేదు. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఆరు నాజిళ్ళూ విప్పి పరీక్ష పెట్టి, రెండు మార్చి పంపింది. వారానికి మళ్ళీ వచ్చింది. ఈసారి డీజిల్ పంపు దించి, బెంచి మీద పెట్టి సరిచేసి, మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ వచ్చింది. అప్పుడు ఒక్కో పైపు నట్టునీ వదులు చేసి విన్నది. నట్టు వదిలితే ఆ సిలిండరుకి డీజిల్ ఆగి ఇంజను శబ్దం మారాలి. మారలేదంటే చచ్చింది అదేనని లెక్క. ఆరింటికి ఆరూ మారాయి. ఆరు సిలిండర్లూ బాగానే ఉన్నాయి. బండి మాత్రం శుభ్రంగా వెళ్ళి, కొల్లేటి రోడ్డు మీద మళ్ళీ ఆగింది.

ఆగిన ప్రతిసారీ ఎండకి సంచుల్లో నీళ్ళు కాగి, వేలకి వేలు చేపపిల్లలు వెల్లకిలా తేలాయి. హేచరీ యజమాని పట్టాభిరామయ్య గారు నెమ్మదస్తుడు. గొంతు పెంచడు. గురువారం నాడు ఫోన్ చేసినప్పుడు కూడా పెంచలేదు.

"అమ్మా విక్టోరియా, మీ నాన్నగారి మీద గౌరవంతో ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. శనివారం అత్తిలి చెరువుకి లోడు ఉంది. అది కూడా దారిలో పాడైందంటే మా పదకొండు బండ్లూ ఇక నీ షాపు గుమ్మం తొక్కవు. తప్పుగా అనుకోకు."

ఆ పదకొండు బండ్లే ఆ షాపు. మిగతావి వస్తే వస్తాయి, రాకపోతే లేదు. ఆ పదకొండూ పోతే తండ్రి పేరున్న బోర్డు కింద షట్టరు దించుకోవడమే. అప్పట్నుంచీ విక్టోరియాకి కుదురు లేదు. ఇంట్లో ఫ్యాను తిరుగుతుంటే మధ్యలో ఒక రెక్క ఎగ్గొడుతున్నట్టు వినిపించింది. పక్కింటి వాళ్ళ కుట్టుమిషనులో మిస్సింగ్. చివరికి తన గుండె మీద చెయ్యి వేసుకుని అందులోనూ మిస్సింగ్ ఉందేమోనని విని చూసుకుంది. రెండు రోజులు అలా వేగి, ఒక నిర్ణయానికి వచ్చింది. ఈ బండి తన జబ్బు షాపులో చూపించదు. అయితే దాంతో పాటు తనే వెళ్తుంది. అది ఎక్కడ కుంటుతుందో అక్కడే దాని కాలు పట్టుకుంటుంది. తెల్లారకట్ల మొదటి బస్సెక్కి మండవల్లిలో దిగింది.

షెడ్డులో పదిమంది ఆడవాళ్ళు సంచులు కడుతున్నారు. అందులో దుర్గారాజు భార్య బేబీరాణి ఒకతె. దళసరి ప్లాస్టిక్ సంచిలో మూడో వంతు నీళ్ళు, అందులో గుప్పెడు పిల్లలు, పైన సిలిండరు గొట్టంతో ఆక్సిజన్. సంచి బిగుతుగా ఉబ్బగానే మెడ దగ్గర పట్టి, నాలుగు మెలికలు తిప్పి, మడిచి, రబ్బరుతో బిగించి, పక్కన పడేస్తుంది. అంతా కలిపి మూడు క్షణాలు. బేబీరాణి కట్టిన సంచి రెండు రోజులు రైల్లో పోయినా బుడగంత గాలి బయటికి రాదని హేచరీలో పేరు. పట్టాభిరామయ్య గారు దూరం లోడ్లన్నీ ఆమె చేతే కట్టిస్తాడు.

లోడు పూర్తవుతుంటే బేబీరాణి తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "అక్కగారండీ, ట్యాంకు దగ్గర ఒక్కసారి మీరు..."

"సరే సరే, ఎండెక్కుతోంది, ముందు తాళ్ళు బిగించమనండి," అంది విక్టోరియా, క్యాబిన్ ఎక్కేస్తూ.

బేబీరాణి లోపలికి వెళ్ళిపోయింది.

ఏడు దాటాక బయల్దేరారు. దుర్గారాజు మాటకారి. మాట వెనక 'అండి' లేకపోతే అతనికి ఊపిరాడదు. "ట్యాంకు నిండా కొట్టించానండి. దూరం కదండి. దూరం లోడనేసరికి ఎప్పుడూ నిండా కొట్టిస్తానండి," అన్నాడు మొదటి గేరు వేస్తూ. విక్టోరియా వినలేదు. ఇంజను వింటోంది. కైకలూరు దాకా ఇంజను ముచ్చటగా నడిచింది. కైకలూరు సెంటర్లో ఎవరో ఆటో అడ్డం పెడితే దుర్గారాజు తిట్టకుండా, "బాబూ, కాస్త ఇటండి" అని బతిమాలాడు. విక్టోరియాకి ఆ ఆటోని ఎత్తి కాలవలో పడేయాలనిపించింది.

కైకలూరు దాటి కొల్లేటి రోడ్డెక్కారు. రెండువైపులా చెరువులు, మధ్యలో ఎత్తుగా రోడ్డు, చెట్టన్నది లేదు. గట్ల మీద గూడబాతులు బారులు తీరి ఉన్నాయి. దుర్గారాజు మొదలుపెట్టాడు. "మా నాన్నగారి రోజుల్లోనండి, ఇదంతా నీళ్ళేనండి. మా ఊరికి పడవ మీదే..."

"ఆగండి, వినపడట్లేదు."

ఆగాడు. రెండు కిలోమీటర్లు పోయాక, "మొన్న బండి ఆగినప్పుడు నేనేం చేశానంటేనండి..."

"ఒక్క నిమిషం ఆగండి, దుర్గారాజు గారూ."

మళ్ళీ ఆగాడు. విక్టోరియా ఇంజను కవరు మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. కూర్చోలేక ముందుకి వంగింది, కిటికీలోంచి పొగ చూసింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే ఆమెని చంపేస్తోంది. వెనక నాలుగు వందల సంచులున్నాయి. ఇప్పుడే కొట్టు తల్లీ, ఎండ ముదరకముందే కొట్టు, నీ జబ్బేమిటో చూపించు అని బండిని బతిమాలుకుంది. మరుక్షణమే వద్దు వద్దు, అత్తిలి దాకా ఊరుకో అని కూడా బతిమాలుకుంది.

అరచేతి కింద ఇంజను ఒక్క అడుగు తప్పింది.

ఆమె వీపు నిటారుగా అయింది. మళ్ళీ తప్పింది. దుర్గారాజు గేరు తగ్గించాడు. ఈసారి వరసగా రెండు తప్పాయి, తర్వాత బాగా నడిచింది, తర్వాత మూడు తప్పాయి. విక్టోరియా కళ్ళు మూసుకుని లెక్కపెట్టింది. నాజిలు చెడితే ఎప్పుడూ అదే కాలు కుంటాలి. ఇది అలా కాదు. ఒకసారి ఈ సిలిండరు ఎగ్గొడుతోంది, ఒకసారి ఆ సిలిండరు. ఆరుగురు పిల్లలున్న ఇంట్లో ఒకడు ఏడిస్తే వాడికేదో నొప్పి అనుకోవాలి. అందరూ వంతులేసుకుని ఏడుస్తున్నారంటే ఇంట్లో అన్నం లేదని అర్థం. వీటికి డీజిల్ అందడం లేదు. నెల రోజులుగా ఆమె పిల్లలకి మందులేస్తోంది.

బండి దగ్గుతూ దగ్గుతూ రోడ్డు పక్కకి చేరి ఆగిపోయింది.

ఎనిమిదింపావు. ఆగస్టు ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. దుర్గారాజు కిందికి దూకి, బొంత తడిపి సంచుల మీద కప్పి, భుజం మీది తుండు తీసుకుని ట్యాంకు వైపు నడిచాడు. విక్టోరియా ఫిల్టరు పక్కనుండే చేతి పంపు పట్టుకుంది. దాని బుడిపె పైకి లాగి వదిలితే డీజిల్ ఎక్కాలి. లాగింది. రాలేదు. బలం కొద్దీ లాగి వదిలింది. వెనక నుంచి ఎవరో పట్టుకు లాగినట్టు బుడిపె సర్రున లోపలికి పోయింది. పైపులో అడ్డం ఉందా? పైపు విప్పాలా? ఎంతసేపు పడుతుంది? సంచుల్లో నీళ్ళు ఎంతసేపు చల్లగా ఉంటాయి?

తలెత్తితే దుర్గారాజు ట్యాంకు మూత తాళం తీస్తున్నాడు.

"అది ముట్టుకోకండి!" అని అరిచింది.

అతను ఉలిక్కిపడి చెయ్యి తీసేశాడు. "అది కాదండి, నేను ప్రతిసారీ..."

ఆగండి అనడానికి ఆమె నోరు తెరిచింది. చేతిలో బుడిపె మళ్ళీ తనంతట తనే లోపలికి జారింది. విక్టోరియా దాన్ని చూసింది, అతని మొహం చూసింది, నోరు మూసుకుంది.

"ప్రతిసారీ ఏం చేస్తారు?"

దుర్గారాజు కాస్త కంగారుపడ్డాడు. ఆమె ముందు అతని మాట ఎప్పుడూ అంతదూరం వచ్చింది లేదు.

"అదేనండి, బండి ఆగిపోగానే డీజిల్ అయిపోయిందేమోనని ట్యాంకు విప్పుతానండి. మూత కింద, లోడుకి ముందు మా ఆవిడ కట్టిన కవరుంటదండి. అది ఊడదీయగానే ఉస్సుమని శబ్దం వస్తదండి. చూస్తే డీజిల్ ఉంటదండి. మళ్ళీ కవరేసి నాకొచ్చినట్టు చుట్టేస్తానండి, ఆవిడలా కట్టడం నాకు చేతకాదండి. కాసిని మంచినీళ్ళు తాగి, చేతి పంపు కొట్టి స్టార్ట్ చేస్తే ఇక ఎల్లిపోద్దండి. మీ షాపుకి వచ్చిందీ ప్రతిసారీ అలాగేనండి."

చెరువులో చేపకి మేత వేసే పడవ ఒకటి పోతోంది. విక్టోరియా బుడిపె వదిలేసి అతని వైపు తిరిగింది.

"ఈ మాట నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పబోయానండి," అన్నాడు దుర్గారాజు. గొంతులో నిష్ఠూరమేమీ లేదు. "మూడుసార్లండి."

ఆమె వెళ్ళి మూత తీసింది. మూతి మీద రెండు మడతల హేచరీ సంచి ప్లాస్టిక్, చుట్టూ నాలుగు వరసల రబ్బరు, నిగనిగలాడే కట్టు. చదునుగా ఉండాల్సిన ప్లాస్టిక్ గిన్నెలా లోపలికి గుంటపడిపోయి, ఇంకొంచెం లాగితే చిరుగుతుందేమో అన్నట్టుంది. ట్యాంకులో డీజిల్ తగ్గినకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. అందుకే కంపెనీవాడు మూతకి సూది మొనంత కన్నం పెడతాడు. కన్నం కింద బేబీరాణి కట్టు ఉంది. బుడగంత గాలి బయటికి పోనివ్వని కట్టు, లోపలికి మాత్రం ఎందుకు రానిస్తుంది? ట్యాంకు సగం ఉన్న రోజు లోపలున్న గాలితో ఎలాగో నెట్టుకొచ్చేది. నిండా కొట్టించిన రోజు లోపల గాలే ఉండదు కాబట్టి నాలుగు లీటర్లు తాగేసరికి ఊపిరాడక చచ్చేది. దూరం లోడ్లకే ఎందుకు ఆగుతోందో కూడా తెలిసిపోయింది.

స్క్రూడ్రైవరుతో పొడిచింది. ఉస్సుమంటూ గాలి లోపలికి పోయింది. పోతూనే ఉంది. ఆ పాత ట్యాంకు అంత ఆత్రంగా పీల్చుకుంటుంటే ఆమెకి ఒక్క క్షణం సంతోషం ఆగలేదు. దొరికింది. దొరికింది! ఆ వెంటనే కోపం ముంచుకొచ్చింది.

"ఎవరు కట్టమన్నారండీ ఆవిణ్ణి ఇలా? ఇంజనన్నాక గాలి అక్కర్లేదా? ఫోన్ చెయ్యండి."

దుర్గారాజు స్పీకరు పెట్టాడు. షెడ్డు మోతలో బేబీరాణి గొంతు సన్నగా వచ్చింది. విక్టోరియా అడిగింది.

"మీరేగా అక్కగారండీ చెప్పింది? వానల్లో బండి బాగుచేసి ఇచ్చినప్పుడండి. ట్యాంకు మూతి గట్టిగా కట్టుకోవాలి, చుక్క నీరు పోకూడదు అన్నారు కదండీ. గుడ్డ కట్టాలా, కవరు కట్టాలా అని అడిగానండి. ఏదో ఒకటి, గట్టిగా కట్టండి చాలు అన్నారండి. అందుకని నాకు తెలిసిన గట్టి కట్టే కట్టానండి. పొద్దున్న కూడా ఒకసారి కట్టు చూసి చెప్తారేమోనని అడగబోయానండి."

విక్టోరియాకి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు గుర్తొచ్చింది. షాపు ముందు వాన, ఇంకో బండి హారన్, ఎదురుగా ఏదో అడగబోతున్న ఆడమనిషి. ఏదో ఒకటి. అన్నది తనే.

"కట్టు బాగుందమ్మా. కట్టు చాలా బాగుంది," అని మాత్రం అనగలిగింది.

ప్లాస్టిక్ కోసి తీసేసింది. మూతకున్న కన్నంలో మట్టి పేరుకుపోయి ఉంటే తీగతో పొడిచి తెరిచింది. మూత బిగించి, పైన గొడుగులా పాత ట్యూబు ముక్క వేసి, కింద గాలి ఆడేలా ఒకవైపే కట్టింది. చేతి పంపు కొడితే బుడిపె మెత్తగా లేచింది, డీజిల్ ఎక్కింది. బండి స్టార్టయింది. మొత్తం అరగంట కూడా పట్టలేదు. దుర్గారాజు సంచుల మీద చెయ్యి పెట్టి చూసి, "చల్లగానే ఉన్నాయండి, పర్లేదండి," అన్నాడు.

ఏలూరు బైపాసు ఎక్కారు. అప్పుడు దుర్గారాజు అన్నాడు.

"మేడంగారండి. మీరు చెప్తే కట్టిందని అయ్యగారికి తెలియనక్కర్లేదండి. మా ఆవిడ తెలివితక్కువతనమని చెప్తానండి. ఆవిడకేముందండి, నాలుగు తిట్లు పడుతుందండి, అంతే. మీకైతే పదకొండు బండ్లండి. ఇందాక మీరు మూత బిగిస్తుంటే మళ్ళీ ఫోన్ చేసి అదే చెప్పానండి ఆవిడకి. సరేనందండి."

విక్టోరియా రోడ్డు వైపు చూసింది. ఇంజను మీద చెయ్యి పెట్టక్కర్లేదు, పెట్టకుండానే తెలుస్తోంది, బండి కొత్తదానిలా పోతోంది. భీమడోలు వచ్చింది, పోయింది. జబ్బు తెలియనప్పుడు కుదురు లేదంటే అర్థముంది, తెలిశాక కూడా ఇదేమిటి? కాళ్ళు ముందుకి చాపింది, వెనక్కి లాక్కుంది. అతను చెప్పింది నిజమే కదా. ఎవరికీ నష్టం లేదు. నాలుగు తిట్లు. కట్టింది బేబీరాణే, అబద్ధం కూడా కాదు. ఉంగుటూరు దాటేసరికి ఆ మాట సగం నమ్మింది. తాడేపల్లిగూడెం ఊళ్ళోకి వచ్చేసరికి ముప్పావు నమ్మింది. మిగిలిన పావు ముల్లులా గుచ్చుతూనే ఉంది.

అత్తిలి దగ్గర చెరువు గట్టు మీద పట్టాభిరామయ్య గారు గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు. మనుషులు సంచులు దించి, పిల్లలు చెరువు నీళ్ళకి అలవాటు పడడానికి కట్టు విప్పకుండానే తేలనిచ్చారు. పావుగంట తర్వాత ఒక్కొక్కటీ విప్పి వంచుతుంటే చిన్న చిన్న శీలావతి చేపపిల్లలు చురుక్కున నీళ్ళలోకి జారిపోయాయి. చచ్చినవి దోసెడు కూడా లేవు. పట్టాభిరామయ్య గారి మొహం విప్పారింది.

"మీ నాన్నగారి కూతురివనిపించావమ్మా. దారిలో ఆగిందని తెలిసి కంగారుపడ్డాను. నీ తప్పేమీ లేదని తెలిసింది. బేబీరాణే ఫోన్ చేసి అంతా ఒప్పుకుంది, ఎవరూ చెప్పకుండా తనకి తోచి ట్యాంకు మూతి బిగించేశానని. ఎంత నష్టం తెచ్చిందో చూశావా? ఇవాళ్టి నుంచి దాన్ని ప్యాకింగ్ నుంచి తీసేశాను. ఇంటికి పొమ్మన్నాను. మా బండ్లు నీ దగ్గరికే వస్తాయి, బెంగపెట్టుకోకు."

దుర్గారాజు చేతిలో ఖాళీ సంచి అలాగే ఉండిపోయింది. నాలుగు తిట్లనుకున్నాడు అతను. పనే పోతుందనుకోలేదు. "అయ్యగారండి, తెలియక మా ఆవిడండి..." అని మొదలుపెట్టాడు.

"మీరు ఆగండి, దుర్గారాజు గారూ," అంది విక్టోరియా. "అయ్యగారూ, ఆ కట్టు కట్టమన్నది నేను."

"పోనీలే, నువ్వెందుకు ఆ పిల్లని వెనకేసుకు..."

"వెనకేసుకు రావట్లేదండీ. చుక్క నీరు పోకుండా గట్టిగా కట్టమని చెప్పాను. దేంతో కట్టాలి అని ఆవిడ అడిగింది. నాకు వినే తీరిక లేక ఏదో ఒకటి అన్నాను. బండి ఎలా ఆగుతోందో, ఏం చేస్తే మళ్ళీ నడుస్తోందో ఈయన మూడుసార్లు చెప్పబోయారు. మూడుసార్లూ నోరు మూయించాను. ఒక్కసారి విన్నా మొదటి రోజే దొరికేది. నాజిళ్ళకీ పంపుకీ ఏ జబ్బూ లేదు, నేనే ఊరికే విప్పాను. మీ చేపపిల్లలు చచ్చింది నావల్ల. బేబీరాణిని పనిలోంచి తీసెయ్యకండి. ఆవిడ కట్టింది తన పనికి తగ్గట్టే కట్టింది."

చెరువులో దిగిన మనుషులు ఇటే చూస్తున్నారు. పట్టాభిరామయ్య గారు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు," అన్నాడు.

"తెలిసేది కాదండీ."

"సోమవారం బేబీరాణిని రమ్మంటాను." ఇంకాసేపు నీళ్ళవైపు చూశాడు. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "బండ్లు మాత్రం ఇక తాడేపల్లిగూడెంలో చూపించుకుంటాం. నాలుగు లోడ్లమ్మా. ఎవరో ఒకరు జవాబు చెప్పాలిగా."

"చెప్పాలండీ," అంది విక్టోరియా.

తిరుగు ప్రయాణంలో దుర్గారాజు ఆమెని ఏలూరులో దింపుతానన్నాడు. ఖాళీ బండి ఎగిరెగిరి పడుతోంది. విక్టోరియా కదలకుండా కూర్చుంది. తండ్రి బోర్డు గురించి ఆలోచిస్తోంది. రేపు షట్టరు తెరిస్తే ఎదురుగా ఖాళీ జాగా ఉంటుంది, ఎల్లుండి కూడా ఉంటుంది. తూకం వేసి చూసుకుంటే తప్పుడు పని చేశాననిపించలేదు. అయినా ఏడుపొస్తోంది.

పుల్ల ఊరు దాటాక దుర్గారాజు బండి స్పీడు తగ్గించాడు.

"మేడంగారండి."

"చెప్పండి."

"అయ్యగారి పదకొండు బండ్లలో నా బండి లేదండి. ఇది నా సొంతమండి. అయ్యగారు ఎక్కడ చూపించుకున్నా, ఇది మాత్రం మీ దగ్గరికే వస్తదండి."

విక్టోరియాకి నవ్వొచ్చింది. నవ్వుతుంటేనే కళ్ళు నిండాయి.

"నాజిళ్ళు మార్చాను, పంపు బాగుచేశాను, ఫిల్టర్లు కొత్తవి వేశాను. ఇంకో రెండేళ్ళదాకా దీనికి నాతో పనే ఉండదు, దుర్గారాజు గారూ."

నిజమేనని దుర్గారాజుకీ తోచింది.

"అయితే ఊరికే వస్తానండి," అన్నాడు. "షాపు ముందు బండి పెట్టి కాసేపు కూర్చుంటానండి. జాగా ఖాళీగా కనబడకుండా ఉంటదండి."

విక్టోరియా కిటికీ వైపు తిరిగింది. ఏలూరు వచ్చేదాకా మళ్ళీ ఇటు తిరగలేదు.